ఖాళీ గది జమాఖర్చులు

మా అబ్బాయి ఠాణేలో ఫ్లాటు కొన్నాడు. లోపలి పని చేయించడానికి ఒక డిజైనర్‌ను పిలిచాడు. ముప్ఫై ఏళ్ళు నిండని కుర్రాడు, మర్యాదస్తుడు. ల్యాప్‌టాప్ తెరిచి మాకు వరుసగా బొమ్మలు చూపించాడు. బూడిద రంగు గోడలు, నేలకు జానెడెత్తున సోఫా, మూలన ఒకే ఒక్క మొక్క. గోడకు ఒక్క మేకు లేదు, దండెం లేదు, దేవుడి గూడు లేదు. బొమ్మ తరువాత బొమ్మ చూస్తూ, ఉండబట్టలేక, "బాబూ, ఇందులో మనుషులేరీ?" అని అడిగాను. అతను నవ్వి, "అంకుల్, మనుషులుంటే గది సరిగా కనబడదు" అన్నాడు. మా అబ్బాయీ నవ్వాడు.

అతను తప్పేమీ అనలేదు. తన వృత్తిలో నిజమైన మాటే చెప్పాడు. కాని ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. భీవండీలో పద్మనగర్ చాళీల్లో పుట్టి పెరిగినవాణ్ణి నేను. అక్కడ గది కనబడేదే కాదు, మనుషులే కనబడేవారు. ఒక తరం గడిచేసరికి మనమెలా ఇంత దూరం వచ్చామో, వచ్చినది ముందుకో పక్కకో తేల్చుకుందామని, ఈ పద్ధతికి మూలపురుషులనదగ్గ వాళ్ళ రాతలు కొన్ని చదివాను. నేను వాస్తుశిల్పిని కాను, బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. జమ ఎక్కడ, ఖర్చు ఎక్కడ అని చూడటమే నాకు తెలిసిన విమర్శ. ఈ వ్యాసమూ అలాగే నడుస్తుంది.

దీన్ని మినిమలిజం అంటున్నారు. 1960ల మధ్యలో న్యూయార్కు శిల్పుల, చిత్రకారుల చర్చల్లో స్థిరపడిన మాట అది. ఇల్లు సాదాగా ఉండాలన్న వాదం అంతకంటె పాతది. 1910లో ఆడాల్ఫ్ లోస్ అనే వాస్తుశిల్పి వియన్నాలో ఒక ఉపన్యాసమిచ్చాడు. 'అలంకారమూ నేరమూ' అన్నది దాని పేరు. ఆ తరువాత వచ్చిన బోసి గోడలకూ నునుపు బల్లలకూ అది శాసనం లాంటిది. దాని పేరు తలుచుకునేవాళ్ళు ఎక్కువ, చదివినవాళ్ళు తక్కువ. చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. ఎందుకంటే లోస్ వాదంలో సగానికి పైగా అందం గురించి కాదు, కూలి గురించి.

ఆయన లెక్క ఇది. చెక్కడపు పని చేసే కార్మికుడు ఎక్కువ గంటలు పని చేస్తాడు, తక్కువ సంపాదిస్తాడు. పైగా అలంకారానికి మోజు త్వరగా తీరిపోతుంది. కొయ్య గట్టిగానే ఉన్నా, పువ్వు పాతబడిందని బల్లను పారేస్తారు. అంటే శ్రమ దండగ, సరుకు దండగ. నగిషీ తీసేస్తే కార్మికుడు సగం పొద్దే పని చేసి అదే కూలి తీసుకోగలడు. చేసిన వస్తువు కూడా అది అరిగేదాకా నిలుస్తుంది.

నేతపని వాళ్ళ మధ్య పుట్టినవాడికి ఈ లెక్క వెంటనే తలకెక్కుతుంది. అందులో నిజముంది కూడా. మా అవ్వ లోస్ పేరు వినకుండానే ఆయన శిష్యురాలు. సాంచెల ఊళ్ళో గాలినిండా దూది నుసి. కిటికీ మూసినా వస్తుంది, తలుపు వేసినా వస్తుంది. మా మేనమామ పెళ్ళికి అత్తవారు నగిషీలు చెక్కిన పట్టెమంచం పెట్టారు. దాని పువ్వుల్లో, తీగల్లో, చిలకల ముక్కుల్లో నుసి పేరుకుపోయేది. మా అత్తమ్మ పాత టూత్‌బ్రష్షు పట్టుకుని ఆదివారమంతా దానితోనే కుస్తీ పట్టేది. "పువ్వులు చెట్టుకుంటే చాలు, మంచానికెందుకే" అనేది మా అవ్వ.

సాదాతనం సోమరుల పని కాదన్నది కూడా మనవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. భీవండీ సాంచెల మీద దిగేది ఎక్కువగా కోరా బట్ట. రంగూ లేదు, అద్దకమూ లేదు. పూల బట్టలో ఒక పోగు తెగినా పువ్వు మాటున దాగిపోతుంది. కోరా బట్టలో పేక ఒక్కటి తప్పినా అడ్డంగా గీత పడి, బట్ట మడతలు చూసేవాడి కంట్లో పొడుచుకుంటుంది. సాదా గోడ సంగతీ అంతే. గోడకూ నేలకూ మధ్య కొట్టే పట్టీ, తలుపు చుట్టూ వేసే చట్రం మేస్త్రీ వంకరలను కప్పుతాయి. అవి తీసేస్తే పని నిక్కంగా ఉండి తీరాలి. మంచి మినిమలిస్టు గదిలో ఉన్న ఈ నిజాయితీని నేను గౌరవిస్తాను.

అయితే లోస్ లెక్కలో రెండు చోట్ల తప్పు దొర్లింది. ఒకటి అందరికీ తెలిసినదే. జాతులన్నిటినీ ఒక నిచ్చెన మీద నిలబెట్టి, ఒంటిమీద పచ్చబొట్లు పొడిపించుకునే పాపువావాణ్ణి కింది మెట్టు మీదా, సాదా కోటు తొడిగిన తన బోటి వాణ్ణి పై మెట్టు మీదా పెట్టాడు. ఈ మాట ఇవాళ ఎవరన్నా ఒప్పుకోం. నుదుటి మీదా ముంజేతి మీదా పచ్చబొట్లున్న మన ముసలమ్మలను తలుచుకుంటే అసలే ఒప్పుకోం.

రెండవ తప్పు మనకు మరీ దగ్గరది. నగిషీ తీసేస్తే మిగిలే గంటలు కార్మికుడివవుతాయని లోస్ నమ్మాడు. భీవండీ మొత్తం సాదా బట్ట నేసింది. ఆ గంటలు ఎవరికి దక్కాయి? మా బాపు పాళీ పన్నెండు గంటలు. కూలి మీటరు లెక్క. ఇవాళ బీహారు నుంచీ ఉత్తరప్రదేశ్ నుంచీ వచ్చి సాంచెలు నడిపే కుర్రవాళ్ళదీ అదే పన్నెండు గంటల పాళీ. అలంకారం పోయింది, శ్రమ తగ్గలేదు. మిగులు వేరే ఖాతాలో జమపడింది. వస్తువు సాదాగా ఉన్నంత మాత్రాన దాని వెనుక లెక్క న్యాయంగా ఉందనుకోవడానికి లేదు. ఆ మాటకొస్తే లోస్ కట్టిన ఇళ్ళలోనే ఈ సంగతి కనిపిస్తుంది. 1930లో ప్రాగ్ నగరంలో పూర్తయిన ముల్లర్ గారి ఇంట్లో చెక్కడం లేదు. దానికి బదులు గోడలకు ఆకుపచ్చ చారల చలువరాయి ఉంది. పనివాడి ఉలికి పెట్టాల్సిన ఖర్చు రాతికి పోయింది.

ఆయన మాత్రం ఇది కొంత ఎరిగినవాడే. ఉపన్యాసంలో ఒక చెప్పులు కుట్టేవాడి ముచ్చట ఉంది. నువ్వడిగే 30 క్రౌన్లకు బదులు 40 ఇస్తానంటే అతను పొంగిపోతాడు, మంచి తోలు ఏరుకోవాలని, ఎంతో చక్కగా కుట్టాలని అప్పుడే మనసులో అనుకుంటాడు. అంతలో, ఒక్క షరతు, జోడు పూర్తిగా సాదాగా ఉండాలి అంటే అతని మొహం వాడిపోతుంది. పని తగ్గించాను కాని సంతోషమంతా లాగేసుకున్నాను అని లోస్ ఒప్పుకుంటాడు. అందుకే తన చెప్పుల మీద పువ్వులను సహిస్తానంటాడు. ఉపన్యాసమంతటిలో నాకు నచ్చినది ఈ ఒక్క చోటు. సిద్ధాంతం పక్కన మనిషి నిలబడ్డాడు.

ఇక మన ఇళ్ళ సంగతి.

కరీంనగర్ జిల్లాలో మా తాతది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు వేలాడేసి, గట్టు మీద కూర్చుని నేసేవాడు. ఆ ఇంట్లో ఫర్నిచర్ అనదగ్గది మగ్గం ఒక్కటే. ముందు గది దానిది, వెలుతురు దానిది, వాన పడితే కారని చోటు దానిది. మనుషులు మగ్గం విడిచిన చోట్లో సర్దుకునేవారు. పడుకోవడానికి చాప, కూర్చోవడానికి పీట, బట్టలకు దండెం, పెరుగుకు ఉట్టి. వీటన్నిటికీ ఒక గుణముంది. పని కాగానే పక్కకు తప్పుకుంటాయి. చుట్ట చుట్టవచ్చు, గోడకు ఆనించవచ్చు, పైకి కట్టవచ్చు. నులక మంచం నిలబెడితే అర చెయ్యంత జాగా తీసుకుంటుంది.

బాపు భీవండీ వచ్చాక మగ్గం ఇల్లు విడిచి కార్ఖానాకు పోయింది. నేతగాడి ఇంట్లో చోటు ఖాళీ అయింది ఆ రోజున. కాని ఆ ఖాళీ మాకు దక్కలేదు. చాళీలో గది పది అడుగులు, పన్నెండు అడుగులు. ఒక మూల మోరీ, పైన మాళా. మేము ఆరుగురం, ఊరినుంచి పని వెతుక్కుంటూ వచ్చిన వాళ్ళు ఎప్పుడూ ఒకరిద్దరు. బాపుది రాత్రి పాళీ అయితే పగలు గదిలో సగం ఆయన నిద్రకు, తక్కిన సగంలో మేము గుసగుసలతో బతికేవాళ్ళం. ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉండేది. తెల్లవారగానే బొంతలన్నీ మడిచి దానిమీద పేర్చేవారు. దుప్పటి కప్పితే అది వచ్చినవారికి ఆసనం. సాయంత్రం నాకది రాతబల్ల. నా డిగ్రీ దాని మీదే పూర్తయింది.

ఆ గదిని నేను కీర్తించడం లేదు. అది లేమి. మా అక్క మెట్రిక్ పరీక్షకు చాళీ మెట్ల కింద కూర్చుని చదివింది. మా అవ్వకు ఒంటరిగా కూర్చుని కన్నీళ్ళు పెట్టుకోవడానికైనా ఒక మూల దొరకలేదు. ఖాళీ చోటు కావాలని ఆమె కోరుకున్నంతగా ఏ డిజైనరూ కోరుకుని ఉండడు. అందుకే ఖాళీ గదిని ధనవంతుల వేషమని కొట్టిపారేయలేను. చాళీ నుంచి టవరుకు మారే మనవాళ్ళు ఖాళీని కోరుకోవడంలో తప్పు లేదు. ఆ ఖాళీ ఎలా తయారవుతుందో చూడాలి.

మా అబ్బాయి ఫ్లాటు పథకాన్ని లెక్కలవాడిలా చూశాను. హాలు ఖాళీగా ఉండటానికి మూడు గోడల వెంట నేల నుంచి కప్పు దాకా బీరువాలు. పిడులు కూడా లేవు, గోడల్లాగే కనబడతాయి. ఇంట్లో వస్తువులేవీ తగ్గలేదు. పద్దు మారింది, అంతే. మినిమలిజం అంటే తక్కువతో బతకడం అనుకుని వెళ్ళాను. ఉన్నదాన్ని కనబడనీయకపోవడం అని అర్థమైంది.

ఈ లెక్కను ఇంటి గడప దగ్గర ఆపితే సగమే తెలుస్తుంది. భీవండీ వాడికి మిగతా సగం ఎదురుగానే ఉంది. ముంబయిలో ఆక్ట్రాయ్ 2017 జూలై 1 దాకా ఉండేది. సరుకు నగరం హద్దు దాటితే పన్ను. అందుకని వ్యాపారులు సరుకును హద్దుకు ఇవతల, మన తాలూకాలో దించి, కావలసినప్పుడు కావలసినంత లోపలికి పట్టుకుపోయేవారు. మానకోలి, పూర్ణా, కాల్హేర్, రహనాల్ పంచాయతీల్లో వరిపొలాలు గోదాములయ్యాయి. అదే రోజున జి.ఎస్.టి. వచ్చి ఆక్ట్రాయ్ పోయింది. గోదాములు పోలేదు, ఇంకా పెద్దవయ్యాయి. ఫోను మీద వేలు పెడితే రేపటికల్లా కుర్చీ ఇంటికొస్తుందంటే, ఆ కుర్చీ ఎక్కడో ఒక రేకుల కప్పు కింద సిద్ధంగా కాచుకుని ఉండాలి. ముంబయి ఇల్లు ఏదీ దాచుకోనక్కర లేకుండా ఖాళీగా ఉండగలుగుతున్నదంటే, దాని అటక మన భీవండీ. మనవాళ్ళ పిల్లలు కొందరు సాంచెలు వదిలి ఆ గోదాముల్లోనే పెట్టెలు ఎత్తుతున్నారు. జంట పద్దు విధానంలో ఒక వైపు రాసిన ప్రతి అంకెకూ రెండో వైపు జవాబు ఉండాలి. అక్కడి ఖాళీకి జవాబు ఇక్కడి రాశి.

పెట్టెలో పట్టే ఫర్నిచర్ కథ కూడా ఈ లెక్కలోదే. 1956లో స్వీడన్‌లో ఐకియా సంస్థలో పనిచేసే యిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక బల్ల కారులో పట్టక దాని కాళ్ళు ఊడదీశాడని చెబుతారు. ఆ ఒక్క ఆలోచన మీద పెద్ద వ్యాపారం నిలిచింది. హైదరాబాదులో 2018లోనూ నవీ ముంబయిలో 2020లోనూ వాళ్ళ దుకాణాలు తెరిచారు. కాళ్ళు ఊడే బల్ల మంచి ఊహే. మన నులక మంచానికి దూరపు చుట్టమే. తేడా ఒకటుంది. నులక మంచం రోజూ పక్కకు తప్పుకుంటుంది. ఈ బల్ల గోదాములోనూ లారీలోనూ మాత్రమే ఒదిగి ఉంటుంది. ఇంటికొచ్చి మరలు బిగించాక ఒదగడం మానేస్తుంది. ఒదిగే గుణం అమ్మేవాడికి లాభం, కొన్నవాడికి కాదు.

ఇక్కడ మరో ఇద్దరు విదేశీయుల పేరు చెప్పాలి. భారత ప్రభుత్వం పిలిస్తే చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు మన దేశం తిరిగి 1958లో ఒక నివేదిక రాశారు. 1961లో అహమదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ దాని ఫలితంగానే వచ్చింది. దేశంలో చూసిన వస్తువులన్నిటిలోకీ వాళ్ళు మెచ్చుకున్నది చెంబును. చంకన ఎలా ఇముడుతుంది, నీళ్ళెలా వంగుతాయి, తోమడం ఎలా అని ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ పోయారు. చివరకు పాతబడ్డాక ఏం గిట్టుతుందన్నది కూడా అడిగారు. అది చదివి బ్యాంకువాడిగా పొంగిపోయాను. మన అమ్మలకు అది మొదటి ప్రశ్న. చెంబు అవసరానికి కుదువ పెట్టవచ్చు, చిల్లు పడితే తూకానికి అమ్మవచ్చు. పొట్టు నొక్కి చేసిన పార్టికల్ బోర్డు బల్లను ఎవరు కుదువ పెట్టుకుంటారు? కామ్వారీ నది పొంగి లోతట్టు పేటల్లోకి నీళ్ళు వచ్చిన వానాకాలాల్లో చూశాను. ఇనుప పెట్టెను ఎండబెట్టి తుడిచి మళ్ళీ వాడారు. ఆ బోర్డు బల్లలు రొట్టెలా ఉబ్బి వీధిపాలయ్యాయి. సాదాగా కనబడే వస్తువు ఐదేళ్ళకు చెత్త అయితే లోస్ చెప్పిన దండగే మళ్ళీ వచ్చింది, నగిషీ లేకుండా.

మరి ఏది సాదా ఇల్లు? దీనికి నాకు తృప్తినిచ్చిన జవాబు మన మహారాష్ట్రలోనే, వార్ధా దగ్గర సేవాగ్రామంలో ఉంది. గాంధీగారు 1936లో అక్కడ స్థిరపడ్డారు. ఆయన కుటీరం మట్టిగోడలతో, వెదురుతో, పెంకులతో కట్టినది. కూర్చోవడానికి నేల మీద పరుపు, ముందర చిన్న రాతబల్ల. 1978లో ఇవాన్ ఇలిచ్ ఆ కుటీరంలో కొంతసేపు కూర్చుని, తరువాత ఒక సభలో మాట్లాడాడు. ఆధునిక గృహాలు మనుషుల కంటె సామాను భద్రత కోసం కట్టినవి అన్నది ఆయన అభియోగం. కుటీరంలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, రోగిని ఎక్కడ పడుకోబెడతారో ముందు ఆలోచించారు. సామాను తరువాత వచ్చింది.

ఇలిచ్ మాటతో నేను ఏకీభవిస్తాను, ఒక చిన్న సవరణతో. కుటీరం ఎంచుకున్నది. చాళీ ఎంచుకున్నది కాదు. రెంటినీ ఒక్క గాటన కట్టి పేదవాడి గదిలో అందం చూడటం అన్యాయం. అయినా రెంటికీ ఉపయోగపడే కొలత ఒకటుంది. గదిలో ఎంత తక్కువ కనబడుతోంది అన్నది కాదు, మనిషి వస్తే వస్తువు ఎంత త్వరగా దారి ఇస్తుంది అన్నది. ఈ కొలతతో చూస్తే చాప నెగ్గుతుంది, పీట నెగ్గుతుంది. నగిషీ పట్టెమంచం ఓడుతుంది. గోడకు బిగించిన టీవీ పలకా, ఇద్దరు మోస్తే కాని కదలని జానెడెత్తు సోఫా దాని పక్కనే ఓడతాయి. అలంకారం ఉందా లేదా అన్న తగవు ఈ కొలత ముందు పెద్దగా నిలవదు.

గృహప్రవేశానికి సిరిసిల్ల నుంచి మా చుట్టాలు పదకొండుమంది వచ్చారు. నేను భయపడినంత కాలేదని ఒప్పుకోవాలి. హాలు ఖాళీగా ఉండటం వల్లే అందరూ అక్కడే పడుకున్నారు. ఖాళీ గది ఆ రాత్రి తన ధర్మం నెరవేర్చింది. అయితే పరచడానికి ఇంట్లో ఒక్క బొంత లేదు. మూడు గోడల బీరువాల్లో బొంతలకు అర పెట్టాలని ఎవరికీ తోచలేదు. రాత్రి పదింటికి నేను కారు కట్టించుకుని భీవండీ వచ్చి, మాళా మీది ట్రంకుపెట్టె దింపి, బొంతలతో సహా పట్టుకుపోయాను. మా చిన్నమ్మ తన బొంతను అంచు చూసి గుర్తుపట్టింది. అది ఆమె పెళ్ళిచీర ముక్క.

చుట్టాలు వెళ్ళాక పెట్టె అక్కడే ఉండిపోయింది. బీరువాలో పట్టదు, లోతు చాలదు. మా అబ్బాయి దాన్ని హాలు తలుపు వెనుక పెట్టి కోరా బట్ట కప్పాడు. జోళ్ళు వేసుకునేటప్పుడు కోడలు దానిమీదే కూర్చుంటుంది. నెల తిరిగాక డిజైనర్ తన పని ఫోటోలు తీసుకోవడానికి వచ్చాడు. "అంకుల్, ఒక్క అరగంట ఆ పెట్టె తీయొచ్చా?" అని మొహమాటంగా అడిగాడు. సరేనన్నాను. పెట్టె వరండాలో పెట్టించి దాని పక్కన నేనూ నిలబడ్డాను. ఫోటోలు అయ్యాక మళ్ళీ లోపలికి మోశాం. ఒక కొస అతనే పట్టుకున్నాడు.